ల్యాప్‌టాప్‌లో ఆలస్యం లేని ఆడియో: సౌండ్ హార్డ్‌వేర్ అప్‌గ్రేడ్ మొదటి నుంచి చివరి దాకా

మైకు ముందు పాడుతుంటే మన గొంతే హెడ్‌ఫోన్‌లో వెనకబడి వినిపిస్తుంది. కీబోర్డు మీద మెట్టు నొక్కిన కాసేపటికి గానీ పియానో పలకదు. ఆలస్యం తగ్గిద్దామని సెట్టింగ్ మారిస్తే టపటపా చిటపటలు మొదలవుతాయి. ల్యాప్‌టాప్‌లో సంగీతం చేయబోయే ప్రతి ఒక్కరికీ మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. దీనికి అందరూ చెప్పే మందు ఒకటే: "ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కో." అంటే మైకు, హెడ్‌ఫోన్ గుచ్చుకునేలా ల్యాప్‌టాప్‌కి బయట తగిలించే సౌండ్ పెట్టె.

మాట నిజమే. ల్యాప్‌టాప్ సౌండ్ చిప్‌ను మదర్‌బోర్డు మీద టంకం వేసి బిగిస్తారు కాబట్టి దాన్ని తీసి ఇంకోటి పెట్టడం కుదరదు. బయట తగిలించే ఇంటర్‌ఫేస్ ఒక్కటే దారి. కానీ కొత్త పెట్టె తెచ్చి తగిలించినా చిటపటలు అలాగే ఉండిపోవడం కూడా మామూలే. ఎందుకంటే ఆలస్యంలో పెట్టె వాటా కొంతే. డ్రైవర్ (పరికరాన్ని సిస్టమ్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) వాటా, ల్యాప్‌టాప్ వాటా వేరే ఉంటాయి. అందుకే కొనడం అనేది ఇక్కడ అయిదో అడుగు.

అడుగు 1: ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలుసుకోండి

మైకులోంచి వచ్చిన శబ్దాన్ని కన్వర్టర్ అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలు (ఒక్కో అంకె ఒక శాంపిల్) ఒక బఫర్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, పోగవుతాయి. బఫర్ నిండాక సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకుని, ఎఫెక్టులు కలిపి, బయటికి వెళ్లే బఫర్‌లో పెడుతుంది. అక్కడి నుంచి ఇంకో కన్వర్టర్ దాన్ని మళ్లీ శబ్దంగా మార్చి హెడ్‌ఫోన్‌కి పంపుతుంది. ఈ మొత్తం ప్రయాణానికి పట్టే సమయమే రౌండ్ ట్రిప్ లేటెన్సీ.

బఫర్ ఆలస్యాన్ని లెక్కగట్టడం తేలిక. బఫర్ సైజును శాంపిల్ రేటుతో (సెకనుకి ఎన్ని శాంపిళ్లో ఆ లెక్కతో) భాగిస్తే సరి. 48,000 హెర్ట్జ్ దగ్గర 64 శాంపిళ్లు అంటే 1.33 మిల్లీసెకండ్లు, 128 అంటే 2.67, 256 అంటే 5.33, 512 అంటే 10.67. ఇది ఒక వైపు మాత్రమే. రానూ పోనూ కలిపితే రెట్టింపు. దీనికి తోడు రెండు కన్వర్టర్లూ తలా కాస్త, సాధారణంగా ఒక్కోటీ ఒక మిల్లీసెకండ్ లోపే, తీసుకుంటాయి. ఆ పైన డ్రైవర్ తన జాగ్రత్త కోసం లోపల దాచుకునే అదనపు బఫర్ ఒకటుంది. అది సెట్టింగుల్లో ఎక్కడా కనిపించదు. ఒకే 128 బఫర్ దగ్గర రెండు ఇంటర్‌ఫేస్‌లు వేర్వేరు ఆలస్యం చూపించడానికి ఎక్కువగా కారణం ఇదే.

ఎంత ఆలస్యం వరకు ఓర్చుకోవచ్చు? శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే ఒక మిల్లీసెకండ్‌కి 34 సెంటీమీటర్లు. ఆంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడి గిటార్ వాయించేవాళ్లు ఎప్పటినుంచో దాదాపు 9 మిల్లీసెకండ్ల ఆలస్యంతోనే వాయిస్తున్నారు. కాబట్టి గిటార్‌కీ కీబోర్డుకీ రౌండ్ ట్రిప్ పది లోపు ఉంటే చాలామందికి ఇబ్బంది అనిపించదు. గాయకుల సంగతి వేరు. వాళ్ల గొంతు ఎముకల ద్వారా చెవికి వెంటనే చేరుతుంది. హెడ్‌ఫోన్‌లో కొంచెం ఆలస్యంగా వచ్చే గొంతు దానితో కలిసి, డొల్లగా, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. వాళ్లకి అయిదారు మిల్లీసెకండ్లు కూడా చికాకే. ఇక మిక్సింగ్ మాత్రమే చేసేవాళ్లకి 1024 బఫర్ ఉన్నా ఏ నష్టమూ లేదు. మీరు ఆ కోవలో ఉంటే లేటెన్సీ కోసం ఏమీ కొనక్కర్లేదు. ఆ డబ్బు మంచి హెడ్‌ఫోన్ల మీద పెట్టండి.

అడుగు 2: ఉన్న సిస్టమ్‌ను కొలవండి

సాఫ్ట్‌వేర్ మూలన చూపించే మిల్లీసెకండ్ల అంకె డ్రైవర్ తనంతట తాను చెప్పుకునేది. అది తప్పు కావచ్చు. బయటికి పంపిన శబ్దాన్నే తిరిగి లోపలికి రికార్డు చేసే లూప్‌బ్యాక్ పరీక్ష చేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అయిదు నిమిషాల పని.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ప్రాజెక్టు తెరిచి, ఒక ట్రాక్‌లో పదునైన క్లిక్ శబ్దం పెట్టండి. మెట్రోనోమ్ టిక్కు చాలు. రెండో ట్రాక్‌ని రికార్డింగ్‌కి సిద్ధం చేయండి. దాని మానిటరింగ్ (లోపలికి వచ్చే శబ్దాన్ని అప్పుడే తిరిగి వినిపించడం) తప్పకుండా ఆపండి, లేకపోతే శబ్దం గిర్రున తిరిగి కూత పెడుతుంది. ఇంటర్‌ఫేస్ ఉంటే దాని లైన్ అవుట్‌పుట్‌ని లైన్ ఇన్‌పుట్‌కి కేబుల్‌తో కలపండి. ఉట్టి ల్యాప్‌టాప్ అయితే ఇయర్‌ఫోన్ బుడిపెను ల్యాప్‌టాప్ మైకు రంధ్రానికి ఆనించి పట్టుకుంటే సరిపోతుంది. మైకు వినిపించే తీరును మార్చే నాయిస్ సప్రెషన్ లాంటివి ముందే ఆపేయాలి. అవి క్లిక్‌ను మింగేస్తాయి, పైగా సొంత ఆలస్యం కలుపుతాయి.

రికార్డు చేశాక రెండు ట్రాకుల్నీ బాగా జూమ్ చేసి, అసలు క్లిక్ మొదలైన చోటుకీ, రికార్డయిన క్లిక్ మొదలైన చోటుకీ మధ్య ఎన్ని శాంపిళ్ల దూరం ఉందో చూడండి. 48,000 హెర్ట్జ్ ప్రాజెక్టులో 480 శాంపిళ్ల తేడా కనిపిస్తే రౌండ్ ట్రిప్ సరిగ్గా 10 మిల్లీసెకండ్లు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లు డ్రైవర్ చెప్పిన ఆలస్యాన్ని బట్టి రికార్డయిన శబ్దాన్ని వెనక్కి జరిపి పెడతాయి. అది జరిగితే మీకు కనిపించే తేడా మొత్తం ఆలస్యం కాదు, డ్రైవర్ చెప్పకుండా దాచిన భాగం మాత్రమే. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే రికార్డింగ్ ప్రిఫరెన్సుల్లో ఈ సవరణను ఆపే టిక్కు ఉంటుంది. ఒకసారి ఆపి, ఒకసారి ఉంచి, రెండుసార్లూ కొలిచి రాసుకోండి. రెండో అంకెతో ఏడో అడుగులో పనుంది. విండోస్‌లో ఇంత కష్టం వద్దనుకుంటే, ఏసియో డ్రైవర్ (దీని సంగతి తర్వాతి అడుగులో) ఉన్న పరికరాలకు ఆర్‌టీఎల్ యుటిలిటీ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఇదే పనిని ఒక బటన్‌తో చేస్తుంది.

అడుగు 3: పైసా ఖర్చు లేకుండా డ్రైవర్ మార్చి చూడండి

విండోస్‌లో శబ్దం మామూలుగా సిస్టమ్ మిక్సర్ గుండా పోతుంది. పాట, నోటిఫికేషన్ చప్పుడు, వీడియో కాల్ అన్నీ అక్కడ కలుస్తాయి కాబట్టి ఆలస్యం తప్పదు. దీన్ని పక్కదారి పట్టించడానికే స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో ఏసియో అనే పద్ధతిని తెచ్చింది. ఇప్పటికీ విండోస్‌లో వృత్తి స్థాయి ఆడియో దీని మీదే నడుస్తోంది. ల్యాప్‌టాప్ లోపలి చిప్‌లకు సాధారణంగా సొంత ఏసియో డ్రైవర్ రాదు. ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ ఆ లోటు తీరుస్తుంది. లేదా మీ సాఫ్ట్‌వేర్‌లో విండోస్ సొంత పద్ధతి అయిన వాసాపీలో, మిక్సర్‌ను దాటేసే ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఎంచుకోండి. ఈ రెంటిలో ఏదైనా సరే, విండోస్ పాత పద్ధతి అయిన ఎంఎంఈ సెట్టింగుతో పోలిస్తే తేడా చెవికే తెలిసిపోతుంది. ఏసియో ఫర్ ఆల్‌ను తీసిపారేసేవాళ్లున్నారు. నా మటుకు అది మంచి తాత్కాలిక ఏర్పాటు. ఇంట్లో కీబోర్డు సాధనకి దానితోనే సరిపెట్టుకోవచ్చు.

మ్యాక్‌లో దాని సొంత ఆడియో వ్యవస్థ కోర్ ఆడియో ముందునుంచీ ఈ పని బాగానే చేస్తుంది, బఫర్ తగ్గిస్తే చాలు. లైనక్స్‌లో ఆల్సా (సౌండ్ డ్రైవర్ల పొర) మీద జాక్ అనే ఆడియో సర్వర్ గానీ, ఈమధ్య చాలా డిస్ట్రోల్లో దాని స్థానంలోకి వచ్చిన పైప్‌వైర్ గానీ వాడాలి. మీ యూజర్‌కి రియల్‌టైమ్ ప్రాధాన్యం (ఆడియో పనిని మిగతావాటికంటే ముందు చేయించుకునే) అనుమతి ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఎంత మంచి ఇంటర్‌ఫేస్ తగిలించినా శబ్దం తెగుతూనే ఉంటుంది. రియల్‌టైమ్ ప్యాచ్‌లు 2024లో వచ్చిన 6.12 నుంచి అసలు కెర్నల్‌లోనే కలిశాయి కాబట్టి, దాని కోసం ప్రత్యేకంగా ప్యాచ్ చేసుకునే బాధ చాలావరకు తగ్గింది.

ఏ సిస్టమ్ అయినా బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో మాత్రం ఈ పని పెట్టుకోకండి. మామూలు బ్లూటూత్ ఆడియోలో ఆలస్యం వంద మిల్లీసెకండ్లు దాటడం సర్వసాధారణం. వైరు ఉన్న హెడ్‌ఫోన్ తప్పదు.

అడుగు 4: ల్యాప్‌టాప్‌నే అనుమానించండి

అందరూ దాటేసే అడుగు ఇది. కొత్త ఇంటర్‌ఫేస్ తర్వాత కూడా చిటపటలు పోని చోట్ల దోషి ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

బఫర్ 128 అంటే ప్రాసెసర్‌కి ప్రతి 2.67 మిల్లీసెకండ్లకు ఒక గడువు. ఆ గడువులోగా శబ్దం సిద్ధం కావాలి. ఆ మధ్యలో వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో, బ్యాటరీని చూసుకునే డ్రైవరో ప్రాసెసర్‌ని మూడు మిల్లీసెకండ్లు పట్టి ఉంచితే గడువు దాటినట్టే. చెవికి 'టప్' అని వినిపిస్తుంది. ప్రాసెసర్ వాడకం 15 శాతమే చూపిస్తున్నా శబ్దం తెగడానికి కారణం ఇదే. సగటు ఖాళీ ఎంతుంటే ఏం లాభం, అవసరమైన ఆ క్షణంలో ఖాళీ లేకపోయాక!

విండోస్‌లో దీన్ని పట్టుకోవడానికి లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ ఉంది. దాన్ని నడిపి, పది పదిహేను నిమిషాలు మీ మామూలు పని చేసుకోండి. తర్వాత డ్రైవర్ల ట్యాబ్‌లో ఎక్కువ సమయం తీసుకున్న వరుసలో పేర్చి చూడండి. పైన ఎన్‌డిస్ అని ఉంటే నెట్‌వర్క్ డ్రైవర్ని అనుమానించాలి. వైఫై ఆపి మళ్లీ నడపండి, అంకె పడిపోతే దొంగ దొరికినట్టే. వైఫై డ్రైవర్‌ని అప్‌డేట్ చేయడమో, రికార్డింగ్ వేళ వైఫై ఆపేయడమో పరిష్కారం. ఏసీపీఐ పేరు పైన కనిపిస్తే బ్యాటరీ వైపు చూడాలి. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ కంట్రోల్ మెథడ్ పరికరాన్ని తాత్కాలికంగా డిసేబుల్ చేసి చూడవచ్చు. అలా చేసినంతసేపూ బ్యాటరీ శాతం కనిపించదని మాత్రం గుర్తుంచుకోండి. ఎన్‌విడియా డ్రైవర్ పేరు వస్తే, దాని పవర్ మేనేజ్‌మెంట్‌ని గరిష్ఠ పనితీరుకి మార్చి చూడండి.

పవర్ సెట్టింగులు కూడా ఇప్పుడే సరిచేయాలి. 'హై పెర్ఫార్మెన్స్' ప్లాన్ ఎంచుకోండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో 'బ్యాలెన్స్‌డ్' ఒక్కటే కనిపిస్తుంది, అప్పుడు పవర్ మోడ్‌ని 'బెస్ట్ పెర్ఫార్మెన్స్'కి జరపండి. యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. ప్రాసెసర్ కనీస స్థాయిని వంద శాతానికి పెంచితే అది నిద్రకి జారుకుని మళ్లీ లేవడంలో పోయే సమయం మిగులుతుంది. ఫ్యాను హోరు పెరుగుతుంది, మైకు ల్యాప్‌టాప్‌కి దూరంగా పెట్టుకోవాలి. వేడి సంగతి కూడా మర్చిపోవద్దు. దుమ్ము పట్టిన ఫ్యానుతో ప్రాసెసర్ కాగిపోయి వేగం తగ్గించుకుంటుంది. మొదటి అరగంట బాగా నడిచి ఆ తర్వాత తెగడం మొదలైతే ముందు ఆ ఫ్యాన్ని శుభ్రం చేయించండి.

ఇక ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. వీటిని పెంచితే లేటెన్సీ తగ్గదు. పెద్ద పెద్ద శాంపిల్ లైబ్రరీలు వాడేవాళ్లకి డిస్క్ నుంచి శబ్దం సమయానికి అందుతుంది, అంతే. ఆర్కెస్ట్రా లైబ్రరీలతో పనిచేసేవాళ్లకి అది పెద్ద ఊరటే, కానీ వేరే సమస్యకి వేరే మందు.

అడుగు 5: ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకోండి

డబ్బా మీద పెద్ద అక్షరాలతో 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని రాసి ఉంటుంది. ఇప్పుడు చిన్న ఇంటర్‌ఫేస్‌లలో కూడా అది మామూలైపోయింది కాబట్టి దాన్ని బట్టి ఏదీ తేల్చలేం. నేనైతే మొదట చూసేది డ్రైవర్. కంపెనీ సొంత ఏసియో డ్రైవర్ ఇస్తోందా? చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేసింది? పాత మోడళ్లకి ఇంకా డ్రైవర్లు ఇస్తోందా? ఇవి డబ్బా మీద దొరకవు, కంపెనీ డౌన్‌లోడ్ల పేజీలో పావుగంట తిరిగితే తెలిసిపోతాయి. ఆర్‌ఎంఈ లాంటి కంపెనీలు ఖరీదెక్కువైనా వృత్తిలో ఉన్నవాళ్లు వాటిని వదలకపోవడానికి ముఖ్య కారణం, డ్రైవర్లు తామే రాసుకుని ఏళ్ల తరబడి నిలబెట్టడమే.

ఆలస్యం అంకెలు చూసేటప్పుడు మూడు విషయాలు కలిసి ఉంటేనే నమ్మండి: రౌండ్ ట్రిప్ ఎంత, ఏ బఫర్ దగ్గర, ఏ శాంపిల్ రేటు దగ్గర. 96 కిలోహెర్ట్జ్ దగ్గర 32 బఫర్‌తో కొలిచి గొప్పగా చెప్పిన అంకె, మీ ప్రాజెక్టులో ఆ బఫర్ అసలు నిలబడకపోతే ఎందుకూ కొరగాదు.

కనెక్షన్ గురించి అపోహలు చాలా ఉన్నాయి. 24 బిట్ల స్టీరియో 48 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకి 2.3 మెగాబిట్లే తీసుకుంటుంది. యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు. పద్దెనిమిది చానళ్లు తీసుకున్నా 21 మెగాబిట్లు దాటదు. కాబట్టి యూఎస్‌బీ 3 అయినంత మాత్రాన ఆలస్యం తగ్గదు. టైప్-సీ సాకెట్ ఉన్న చాలా ఇంటర్‌ఫేస్‌లు లోపల నడిచేది యూఎస్‌బీ 2.0 మీదే, అందులో తప్పేమీ లేదు. థండర్‌బోల్ట్ ప్రాసెసర్‌కి దగ్గరి దారి కాబట్టి నిజంగానే ఇంకాస్త తగ్గించగలదు. కాకపోతే దాని సాకెట్ టైప్-సీ ఆకారంలోనే ఉన్నా, ప్రతి టైప్-సీ పోర్టూ థండర్‌బోల్ట్ కాదు. పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉందేమో చూసి, ల్యాప్‌టాప్ స్పెసిఫికేషన్‌తో ఒకసారి సరిచూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్‌లు ఊరించే ధరకి వస్తుంటాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టే లేదు, అడాప్టర్ల మీద అడాప్టర్లు వేయాలి, డ్రైవర్లు ఆగిపోయి ఉంటాయి. వదిలేయండి.

ఇన్‌పుట్ల విషయం మీ పని బట్టి. కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే అందే కరెంటు), ఎలక్ట్రిక్ గిటార్‌కి హై-ఇంపిడెన్స్ ఇన్‌పుట్, పాడేవాళ్లకి డైరెక్ట్ మానిటరింగ్ మీట (దీని సంగతి ఎనిమిదో అడుగులో). ఒక్కరే పనిచేస్తే రెండు ఇన్‌పుట్లు చాలు. యూఎస్‌బీ మైకు కొని, శబ్దం మాత్రం ల్యాప్‌టాప్ జాక్‌లో వినడం మంచిది కాదు. రెండూ వేర్వేరు గడియారాలతో నడుస్తాయి, వాటిని సర్దడానికి సిస్టమ్ మధ్యలో అదనపు బఫర్ పెట్టాల్సి వస్తుంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఒకే పరికరం మీద ఉండాలి.

అడుగు 6: అమర్చండి

విండోస్‌లో ముందు కంపెనీ సైటు నుంచి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి, అది అడిగినప్పుడే కేబుల్ గుచ్చండి. విండోస్ 10లో 2017 నుంచి యూఎస్‌బీ ఆడియో 2.0కి సొంత డ్రైవర్ ఉంది కాబట్టి ఏమీ ఇన్‌స్టాల్ చేయకపోయినా శబ్దం వస్తుంది. దాంతో పనైపోయిందనుకుంటారు. తక్కువ బఫర్‌తో నడవాలంటే తయారీదారు ఏసియో డ్రైవరే కావాలి. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ డ్రైవర్ పేరే ఎంచుకున్నారో లేదో చూడండి. మ్యాక్, లైనక్స్‌లలో క్లాస్ కంప్లయంట్ అని రాసి ఉన్న ఇంటర్‌ఫేస్ డ్రైవర్ లేకుండానే పనిచేస్తుంది.

హబ్ మధ్యలో పెట్టకుండా నేరుగా ల్యాప్‌టాప్ పోర్టులో గుచ్చండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లే. రెండు ఫాంటమ్ మైకులు, హెడ్‌ఫోన్ కలిసి దాన్ని లాగేస్తుంటే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌తో ఒకే హబ్ పంచుకోవడం కుదరదు. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో, ఇంటర్‌ఫేస్ ప్యానెల్‌లో, ప్రాజెక్టులో మూడు చోట్లా శాంపిల్ రేటు ఒకటే ఉండాలి.

అడుగు 7: మళ్లీ కొలిచి, బఫర్ తేల్చండి

బఫర్ 256 దగ్గర మొదలుపెట్టి, మీ ప్రాజెక్టుల్లో అన్నిటికంటే బరువైనదాన్ని పది నిమిషాలు నడపండి. తెగకపోతే 128కి, తర్వాత 64కి దింపండి. ఎక్కడ తెగితే దానికి ఒక మెట్టు పైన ఆగండి. ఇప్పుడు రెండో అడుగులోని లూప్‌బ్యాక్ మళ్లీ చేయండి. సవరణ ఉంచి కొలిచినప్పుడు కూడా క్లిక్ కొన్ని శాంపిళ్లు ఆలస్యంగా ఉంటే, డ్రైవర్ తన ఆలస్యాన్ని తక్కువ చేసి చెబుతోందన్నమాట. ఆ తేడాను రికార్డింగ్ ఆఫ్‌సెట్ సెట్టింగులో వేయండి. లేకపోతే మీరు తాళంలోనే వాయించినా రికార్డింగ్ ఎప్పుడూ ఒక వెంట్రుకవాసి వెనకే ఉంటుంది.

శాంపిల్ రేటు రెట్టింపు చేస్తే అదే బఫర్ సగం సమయంలో నిండుతుంది నిజమే. ప్రాసెసర్ భారం కూడా అంతే పెరుగుతుంది. మంచి ప్రాసెసర్ ఉండి, ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌లో కలిపే ఎఫెక్టులు, వాయిద్యాలు) తక్కువ వాడేటప్పుడే ఆ దారి పట్టండి.

అడుగు 8: పని తీరు మార్చుకోండి

రికార్డింగ్‌కి చిన్న బఫర్, మిక్సింగ్‌కి 1024. పని మారినప్పుడల్లా మార్చుకోవడం అలవాటు చేసుకోండి.

బఫర్ 64 ఉన్నా హఠాత్తుగా ఆలస్యం పెరిగితే ప్లగిన్లను చూడండి. లుక్‌అహెడ్ ఉన్న లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ లాంటివి ముందు ఏం వస్తుందో చూసుకోవడానికి శబ్దాన్ని పట్టి ఉంచుతాయి. మాస్టర్ ట్రాక్ మీద ఒక్కటి ఉన్నా ప్రాజెక్టు మొత్తం వెనకబడుతుంది. రికార్డింగ్ అయ్యేదాకా బైపాస్ చేయండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లయిన లాజిక్‌లో లో లేటెన్సీ మోడ్, క్యూబేస్‌లో కన్‌స్ట్రెయిన్ డిలే కాంపెన్సేషన్ ఈ పనే చేస్తాయి.

గాయకులకు డైరెక్ట్ మానిటరింగ్‌ను మించింది లేదు. మైకు శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే ఇంటర్‌ఫేస్ లోపల నుంచి నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపడం మర్చిపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. ఉట్టి గొంతుతో పాడటం కష్టంగా ఉంటే, రివర్బ్ (గదిలో మార్మోగినట్టు చేసే ఎఫెక్టు) మాత్రమే వచ్చేలా సాఫ్ట్‌వేర్ నుంచి కలపండి. రివర్బ్ పది మిల్లీసెకండ్లు ఆలస్యంగా వచ్చినా ఎవరికీ తెలియదు.

చివరగా, కొత్త ఇంటర్‌ఫేస్‌లో 'మ్...' అని సన్నని గుయ్యిమనే చప్పుడు వస్తే, ఛార్జర్ పీకి చూడండి. పోతే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ కనెక్షన్లు రెండు దారుల్లో కలిసి పుట్టే చప్పుడు. స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుళ్లు వాడండి, గిటార్ లాంటి వాటికి గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో కేబుల్ గ్రౌండ్‌ను విడదీసే మీట) ఉన్న డీఐ బాక్స్ పెట్టండి. ఛార్జర్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను విరవడం ప్రాణాంతకం, ఎవరు చెప్పినా ఆ పని చేయొద్దు. బ్యాటరీ మీదే రికార్డు చేసుకుందామనుకుంటే పవర్ సెట్టింగులు బ్యాటరీకి వేరుగా ఉంటాయి, నాలుగో అడుగులో మార్చినవన్నీ అక్కడ కూడా మార్చి, బఫర్ 64 నిలబడుతుందో లేదో ఇంకోసారి నడిపి చూసుకోండి.